అత్తమ్మ పోసిన నిద్ర

ఈ మధ్య నాకు రాత్రిళ్లు నిద్ర పడుతోంది. పూర్తిగా కాదు. మధ్యలో మూత్రానికి లేస్తాను, ఎడమకాలు బిగుసుకుంటే కూర్చుని నిమురుకుంటాను, అయినా మళ్లీ పడుకోగలుగుతున్నాను. నాలాగా మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లు ఫోన్లో కలిసినప్పుడు ఈ సంగతి చెబితే వాళ్లకు ఎక్కడలేని ఆశ పుడుతుంది. ఏం మందు వాడావని అడుగుతారు. మందు పేరు చెప్పి ఊరుకుంటున్నాను. దాని వెనక జరిగింది చెప్పాలంటే మా అత్తమ్మ గురించి చెప్పాలి. అది ఫోన్లో తెమిలే కథ కాదు, అందుకే రాస్తున్నాను.

మాది అయిజ పక్కన పల్లె. మా ఆయన తిమ్మప్ప సీడ్ పత్తి పండిస్తాడు. నేను ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. ఇంట్లో మాతోపాటు మా అమ్మాయి అఖిల, మా అత్తమ్మ సవారమ్మ. నా పుట్టిల్లు నాగర్‌కర్నూల్ దగ్గర. పెళ్లయిన కొన్నాళ్లకే అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయారు. ఆ తర్వాత నన్ను 'బిడ్డా' అని పిలిచింది అత్తమ్మ ఒక్కతే. తిట్టినా బిడ్డా అనే తిట్టేది.

మూడేళ్ల కిందటి శ్రావణం

సీడ్ పత్తి అంటే ఏమిటో కృష్ణా తుంగభద్రల నడుమ ఉండే మా నడిగడ్డ వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పాలి. ఇది విత్తనాల కోసం పండించే పత్తి. సాయంత్రం పూట ఆడ మొక్కల మొగ్గలను ఒక్కొక్కటే చేత్తో ఒలిచి లోపలి పుప్పొడి తీసేయాలి. మర్నాడు పొద్దున ఎండ ముదరకముందే మగ పువ్వు తెచ్చి దానికి రాయాలి. దీన్ని మేం క్రాసింగ్ అంటాం. ఒలిచేటప్పుడు మొగ్గ మధ్యలో ఉండే సన్నటి కాడకు గోరు తగిలిందా, ఆ కాయ పోయినట్టే. ఈ పని నాకు నేర్పింది అత్తమ్మే. డిగ్రీ చదివినదాన్ని కదా అని మొదట్లో నా వేళ్ల వైపు చూసి నవ్వేది, తర్వాత నా చేయి తన చేయంత నేర్పరి అయ్యిందని ఊరంతా చెప్పుకుంది.

ఆ శ్రావణంలో నేను పట్టిన సాళ్లలో కాయ నిలవలేదు. వేళ్ల చివర్లు మొద్దుబారిపోయాయి. కాడ తెగిపోతున్నా నాకు తెలియడం లేదు.

"ఏంది బిడ్డా, కండ్లు యాడ వెట్టినవ్?" అంది అత్తమ్మ.

"కండ్లు మొగ్గ మీదనే ఉన్నయ్ అత్తమ్మా. ఏళ్లే నావి కావు."

ఆమె నా చేయి అందుకుని వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. ఆ రోజు నుంచి నన్ను చేనుకు రానివ్వలేదు. దసరా నాటికి కుడికన్ను మసకబారింది, నడుస్తుంటే కాలు ఈడ్చుకుపోయేది. హైదరాబాద్ తీసుకెళ్తే స్కానింగ్ తీసి జబ్బు పేరు చెప్పారు. ఆ పేరు అత్తమ్మ నోరు తిరగలేదు. ఎవరడిగినా, "నా కోడలికి నరాల మీది తోలు ఊడుతున్నదంట" అని చెప్పేది. డాక్టర్లు అరగంట చెప్పినదాంట్లో నాకు అర్థమైందీ అంతే.

ఆ చలికాలం

ఎమ్మెస్ అనగానే నడక పోతుందని భయపడ్డాను, చూపు పోతుందని భయపడ్డాను. నిద్ర పోతుందని మాత్రం నాకెవరూ చెప్పలేదు.

పగలు ఎలాగో గడిచిపోయేది. పడుకోగానే మొదలయ్యేది. తొడ దగ్గర నుంచి మడమ దాకా కాలు కర్రలా బిగుసుకుని, దానంతటది తన్నుకునేది. అరికాళ్లు మండేవి. ఆ మంట కాస్త తగ్గి కన్ను మూతపడబోతే మూత్రం వచ్చేది. గోడ పట్టుకుని వాకిలి దాటి బాత్రూంకు వెళ్లి వచ్చేసరికి ఉన్న మత్తు కాస్తా వదిలిపోయేది. 'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అంటారు. సుఖం ఎరగకపోతే మానె, ముందు అది రావాలి కదా.

మా సెంటర్‌లో మధ్యాహ్నం పిల్లలకు అన్నం, గుడ్డు పెట్టి పడుకోబెట్టాలి. జో కొడుతూ కొడుతూ వాళ్లకంటే ముందు నేను ఒరిగిపోయేదాన్ని. ఒకసారి మెలకువ వచ్చేసరికి పిల్లలంతా లేచి నా చుట్టూ కూర్చుని ఉన్నారు. ఒక బుడ్డది నా వీపు మీద జో కొడుతోంది. నవ్వొచ్చింది. ఇంటికి వచ్చాక అదే తలుచుకుని ఏడ్చాను.

అఖిల పుట్టినప్పటి నుంచీ నా పక్కనే పడుకునేది. ఒక రాత్రి నా కాలు ఎగిరి దాని మూతికి తగిలింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. "ఏం కాలేదమ్మా" అంటూనే తలగడ చంకన పెట్టుకుని అవ్వ మంచం మీదికి పోయింది. దానికి ఎనిమిదేళ్లు. నేను రమ్మనలేదు. రమ్మని పిలిచే ధైర్యం లేకపోయింది.

మా ఆయనకూ ఓపిక తగ్గింది. "నీకు నిద్ర లేకుంటే నాకు గూడ లేదు. ఇద్దరం పడితే చేనెవరు చూస్తరు?" అని చేనులో గుడిసె వేసుకుని అక్కడే పడుకోవడం మొదలుపెట్టాడు. తప్పేమీ లేదు, పొద్దంతా ఎండలో పని చేసే మనిషి. అయినా ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

హోలీ తర్వాత

అత్తమ్మకు రోజూ సాయంత్రం కల్లు తాగే అలవాటు. మామ ఉన్నప్పటి నుంచీ ఉన్నదే. మా వైపు దాన్ని ఎవరూ తప్పుగా చూడరు. పండగకు పోస్తారు, చావుకు పోస్తారు, కూలీలకు పోస్తారు. అయితే చెట్టు నుంచి దించిన కల్లు వేరు, దుకాణంలో సీసాల్లో అమ్మేది వేరు. సీసా కల్లులో నిద్రమాత్రల పొడి కలుపుతారని అందరూ అంటారు. దానికి 'మందు కల్లు' అనే పేరు కూడా ఉంది. తెలిసే తాగుతారు. పొద్దంతా నడుము వంచి పనిచేసినవాళ్లకు అది తాగితే ఒళ్లు తెలియని నిద్ర పడుతుంది. అత్తమ్మ దృష్టిలో అది అన్నం లాంటిదే.

ఒక సాయంత్రం గ్లాసులో పోసి నా చేతికిచ్చింది.

"జర తాగు బిడ్డా. నేను లగ్గమైన సంది తాగుతున్న, ఒక్కనాడన్న నిద్ర వట్టలేదన్ననా?"

"టీచర్ని అత్తమ్మా. పిల్లలకు వాసనొస్తది."

"రాత్రి తాగితే పొద్దుగాల దాంక వాసనుంటదా? డాక్టర్ల మందులన్ని మింగితివి, ఏమాయె? ఇది గూడ ఒక మందే అనుకో."

తాగాను. పుల్లగా, కాస్త చేదుగా ఉంది. ఆ రాత్రి కాలు తన్నుకుందో లేదో నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి వాకిట్లో ఎండ ఉంది. అత్తమ్మ చీపురు చేత్తో పట్టుకుని నా మంచం పక్కన నిలబడి ముఖంలోకి చూస్తోంది. "పండుకున్నవ్" అంది. ఆ సంతోషం నేను ఆమె ముఖంలో అఖిల పుట్టిన నాటి తర్వాత మళ్లీ చూడలేదు. నేను ఆమె చేయి పట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ గ్లాసెడు నిద్ర కోసం నేను ఎవరి కాళ్లయినా మొక్కేదాన్ని.

అఖిల మళ్లీ నా పక్కకు వచ్చింది. ఆ కొన్ని వారాలు మా ఇంట్లో పండగలా ఉంది.

ఎండలు ముదిరాక

గ్లాసు చాలక సగం సీసా అయింది, తర్వాత సీసా. ఎండలు పెరిగేకొద్దీ నా ఒంట్లో ఏదో సడలిపోయింది. ఈ జబ్బుకు వేడి పడదని ముందే చెప్పారు కాబట్టి అదే అనుకున్నాం. నాలుక మందమై మాట ముద్దగా వచ్చేది. పిల్లల పేర్లు మరిచిపోయేదాన్ని. ఒకరోజు సెంటర్ మెట్ల మీద, ఇంకోరోజు కుళాయి దగ్గర పడ్డాను. ఆయా చెప్పిందో, చూసినవాళ్లు చెప్పారో, సూపర్‌వైజర్ మేడం వచ్చి, "కొన్నాళ్లు సెలవు పెట్టమ్మా" అని మెల్లగా చెప్పి పోయింది.

వనపర్తిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి కొన్ని ఆదివారాలు హైదరాబాద్ నుంచి నరాల డాక్టర్ వస్తాడు. జబ్బు తిరగబెట్టిందని ఐదు రోజులు ఇంజెక్షన్లు ఎక్కించారు. వాటితో ఉన్న రవ్వంత నిద్రా పోయింది. ఒళ్లంతా దడ. అత్తమ్మ భయపడి ఇంకాస్త ఎక్కువ పోసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా తయారైంది నా పని. మా ఆయన నాకు వినపడదనుకుని ఎవరితోనో చక్రాల కుర్చీ గురించి మాట్లాడుతుంటే విన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మళ్లీ ఆదివారం వనపర్తికి అత్తమ్మే తోడు వచ్చింది. డాక్టర్ రావడం ఆలస్యమైంది. బెంచీలన్నీ నిండి జనం నేల మీద కూర్చున్నారు. ఫ్యాన్ తిరుగుతోంది కానీ గాలి మా దాకా రావడం లేదు. అమ్రాబాద్ వైపు నుంచి భర్తను తీసుకొచ్చిన ఒకామె నా తల అటూ ఇటూ వాలిపోవడం చూసి తాను లేచి నిలబడింది. బెంచీ మీద తన తువ్వాల పరిచింది.

"పండుకో అక్కా. నీ నంబరొస్తే నేను లేపుత."

"నీకు గూడ కాళ్లు గుంజుతయ్ కద" అన్నాను.

"అడవిల తిరిగే కాళ్లు, ఏం గావు" అంది. ఆమె పేరు అడగాలన్న తెలివి కూడా ఆ రోజు నాకు లేదు. చెప్పినట్టే భుజం తట్టి లేపింది.

అత్తమ్మ సంచి పట్టుకుని బయటే కూర్చుంది. డాక్టర్ నా కళ్లలోకి లైటు వేసి చూశాడు, మాట్లాడించాడు, నడిపించాడు. "అమ్మా, నాది కూడా పాలమూరే. నిజం చెప్పండి, కల్లు తాగుతున్నారా?" అన్నాడు.

"నిద్ర కోసం సార్. అత్తమ్మ ఇస్తుంది."

"దుకాణం కల్లా?"

తల ఊపాను. ఆయన తిట్టలేదు. మీ కాళ్లను పడగొడుతున్నది సగం జబ్బయితే సగం ఆ సీసా అన్నాడు. నేనిచ్చే మాత్రలూ అందులో కలిపినదీ కలిస్తే మనిషి నిద్రలోనే పోవచ్చు అన్నాడు. తర్వాత చెప్పిన మాట మరీ గట్టిగా చెప్పాడు. దీన్ని ఒక్కసారిగా మానకూడదు, అలా మానితే ఫిట్స్ వస్తాయి, దాని బదులు నేను రాసిచ్చే మాత్రలు వేసుకుని, వాటిని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. కాలు బిగుసుకోవడానికి వేరే మందు, మూత్రానికి వేరే మందు రాశాడు. నిద్ర పట్టడం లేదని మొదటిరోజే ఎందుకు చెప్పలేదమ్మా అన్నాడు. నిద్ర కూడా జబ్బులో భాగమని నాకు అంతవరకు తెలియదు.

తిరుగు బస్సులో

బస్సు కొత్తకోట దాటింది. "ఏమన్నడు?" అంది అత్తమ్మ.

"కల్లు మానాలన్నడు అత్తమ్మా. గదే నన్ను పడగొడుతున్నదంట."

"అయితే నేనేనా బిడ్డా, నిన్ను పడగొట్టింది?"

"నువ్వేం జేసినవ్? నాకు నిద్ర ఇచ్చినవ్."

"ఇగ నేను గూడ తాగ. నువ్వు మానితే నీ ముందర నేనెట్ల తాగుత? తాగితే నా నోట్లె మన్ను వడ."

"ఒక్కపారే మానొద్దన్నడు డాక్టరు. ఫిట్స్ వస్తయంట. వచ్చే ఆదివారం నువ్వు గూడ చూపించుకో, నీకు గూడ మాత్రలు రాస్తడు."

"గది నీకు. నువ్వు రోగమున్న మనిషివి. నాకేం రోగమున్నదే?" అంది.

ఎంత చెప్పినా అదే మాట. మా ఊళ్లో ఎవరికీ అది వేరేగా తోచదు. మందులూ జాగ్రత్తలూ రోగం ఉన్నవాళ్లకు. ఎన్నడూ దవాఖాన మెట్లు ఎక్కని మనిషి, రోజూ పత్తి చేనులో నిలబడే మనిషి తన కల్లు తాను మానుకోవడానికి డాక్టర్‌ను అడగడమేంటి? ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "అమ్మ కల్లు మానుడా? రెండ్రోజులు చూడు" అని నవ్వాడు.

ఆ వారం

ఆ సాయంత్రం నుంచే మానేసింది. నేను మాత్రలు లెక్క ప్రకారం తగ్గించుకుంటూ, ఒళ్లంతా చీమలు పాకినట్టుంటే పళ్లు బిగబట్టుకుని పడుకున్నాను. నా అవస్థే నాకు పెద్దదిగా ఉంది. అత్తమ్మ నా కాళ్లు పిసుకుతుంటే ఆమె చేతులు వణుకుతున్నట్టు తెలిసింది. "ఏంది అత్తమ్మా?" అంటే, "సలి" అంది. ఎండాకాలంలో.

తర్వాతి రోజు అన్నం ముట్టలేదు. ఆ మర్నాడు గోడ మీద పురుగులు పాకుతున్నాయని చీపురుతో కొట్టింది. ఎప్పుడో పోయిన మామతో మాట్లాడింది. జీవితంలో నిద్ర లేదన్న మాట ఎరగని మనిషి రెండు రాత్రులు కన్ను మూయలేదు. నేను మా ఆయనకు డాక్టర్ మాట చెప్పాను, దవాఖానకు పోదామన్నాను. సరే అనేలోపే గద్వాల నుంచి మా వదిన గోవిందమ్మ, మా ఆయన అక్క, వచ్చింది. తల్లిని చూసి గుండె బాదుకుంది. "గాలి సోకింది తమ్మీ, మందులకు వొయ్యేది కాదు" అని నిమ్మకాయలు తిప్పే మనిషిని పిలిపించింది. ఒక రోజు అందులో పోయింది. వదిననేమీ అనను. తల్లి కదా.

పక్కింటామె సీసా తెచ్చింది. "జర తాపుండ్రి, తేరుకుంటది" అంది. ఆ మాటకొస్తే ఆ గంటకు అదే సరైన సలహా అయ్యుండేదేమో, నాకు తెలియదు. గ్లాసు మూతి దగ్గర పెడితే అత్తమ్మ పళ్లు కరుచుకుంది. "నా కోడలు మానింది" అంది. ఆ స్థితిలోనూ ఆ ఒక్కటి గుర్తుంది ఆమెకు.

సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. గద్వాల దవాఖానకు తీసుకెళ్లాం. దారిలో మళ్లీ వచ్చాయి. అక్కడి డాక్టరమ్మ మొదట అడిగింది, "కల్లు ఎప్పుడు మానింది?" అని. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

వాళ్లు చేయగలిగింది చేశారు. ఊపిరి మాత్రం కుదుటపడలేదు. నేను వరండాలో నేల మీద కూర్చున్నాను. నా కాళ్లు రెండూ నావి కానట్టున్నాయి. ఎవరో టీ తెచ్చి చేతిలో పెట్టారు. వెళ్లిపొమ్మని మా ఆయన ఎంత చెప్పినా నేను కదలలేదు. ఒక పొద్దున నన్ను లోపలికి రానిచ్చారు. అత్తమ్మకు తెలివి ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"పండుకున్నవా బిడ్డా?" అంది.

"పండుకున్న అత్తమ్మా" అన్నాను. నాలుగు రోజులుగా కన్ను మూయలేదు నేను.

మర్నాటి తెల్లవారుజామున పోయింది.

ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. చుట్టాలు వస్తున్నారు, ఆడవాళ్లు శోకాలు పెడుతున్నారు. నేను తల దగ్గర కూర్చుని ఆమె జుట్టు సర్దాను. నుదుటి మీద చేయి వేసి ఉంచాను. ఎండ మీదికి వస్తుంటే ఎవరో నన్ను లోపలికి తీసుకెళ్లి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. స్నానం చేయించేటప్పుడు పిలుస్తామన్నారు. సరే అన్నాను.

మళ్లీ నేను కళ్లు తెరిచేసరికి ఏ చప్పుడూ లేదు. కాళ్లు బిగుసుకోలేదు, మంట లేదు. ఆ చలికాలం తర్వాత మొదటిసారి, ఏ సీసా లేకుండా, ఏ మాత్ర లేకుండా వచ్చిన నిద్ర అది. ఒళ్లంతా తేలిగ్గా ఉంది. ఆ తేలిక ఒక్క క్షణం బాగుంది. తర్వాత వాకిట్లోకి చూశాను. నేల కడిగేసి ఉంది. అఖిల గడప మీద కూర్చుని ఉంది.

"అవ్వను తీస్కవోయిండ్రమ్మా" అంది.

చివరి చూపు నాకు దక్కలేదు. అత్తమ్మకు పసుపు రాయలేదు, నీళ్లు పోయలేదు, ఇంటి ముందు నుంచి లేపేటప్పుడు వెంట నాలుగడుగులు నడవలేదు. అత్తమ్మను మట్టి చేసిన మా చేను దగ్గర నుంచి అందరూ తడిబట్టలతో తిరిగి వచ్చారు. వదిన నా ముందు ఆగింది.

"ఎట్లొచ్చిందే నీకు నిద్ర?" అంది.

ఇప్పటికీ ఆమె నాతో సరిగ్గా మాట్లాడదు. మాట్లాడాలని నేను అడగను.

ఈ యేడు

సెంటర్‌కు మళ్లీ వెళ్తున్నాను, కర్ర పట్టుకుని. కల్లు లేదు. కాలికీ మూత్రానికీ మందులు వేసుకుంటాను, ఎండలో తిరగను, మధ్యాహ్నం కాసేపు నడుము వాలుస్తాను. అఖిల నా పక్కన పడుకుంటోంది, మధ్యలో తలగడ అడ్డం పెట్టుకుని. ఈ జబ్బు ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది రెండే మాటలు. నిద్ర పట్టకపోతే అది చిన్న సంగతి అనుకోకుండా డాక్టర్‌కు చెప్పండి, మీరు రాత్రి ఏం తాగుతున్నారో అదీ చెప్పండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా మీ కోసం ఉన్నట్టుండి కల్లు మానేస్తే సంబరపడి ఊరుకోకండి, ఆ రోజే దవాఖానకు తీసుకెళ్లండి. నాకేం రోగమున్నది అంటారు. అన్నా తీసుకెళ్లండి.

నన్ను ఎందుకు లేపలేదని మా ఆయనను చాలాకాలం అడగలేదు. జవాబు విని తట్టుకోగలనో లేదోనని భయం. మొన్న క్రాసింగ్ మొదలైన రోజు చేను గట్టు మీద కూర్చున్నప్పుడు అడిగేశాను. ఆయన చేతిలోని మగ పువ్వులు గంపలో వేసి, తల వంచుకుని చెప్పాడు.

"అక్క లేపవోయింది. నేనే అడ్డం నిలవడ్డ. దవాఖానల అమ్మ నాతోని ఒట్టేయించుకున్నది. నేను వోతే నా కోడలు ఏడ్సుకుంట నిద్ర మానుకుంటది, ఎప్పుడన్న కన్నంటుకుంటే ఎవ్వర్ని లేపనియ్యకు, నా పీనుగ లేసినా సరే, అన్నది."

అత్తమ్మ ఏం చెప్పినా ఎదురు చెప్పే మనిషి మా ఆయన. ఆ ఒక్క మాటా విన్నాడు.